పదహారు దగ్గర దీపం ఆరిపోతుంది

తిరుగుబాటు తర్వాత 112వ రోజు
గాలి 20.3. తొట్లు పదకొండు. ఏడో తొట్టిలో పాచి కొంచెం పసుపు తిరిగింది.

కంపెనీ కాలంలో ఈ గాలి పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేం రాసినా రేషన్లో కోత పడేది. ఇప్పుడు కంపెనీ లేదు. పుస్తకం తెరిచి చూసే నాథుడూ లేడు. ఎవరూ చదవని పుస్తకంలో ఏం రాస్తే ఏం? అందుకని ఇవాళ్టి నుంచి మాటలు కూడా రాస్తాను.

నా పేరు కొంరవ్వ. వయసు నలభై నాలుగు. పైన నేల మీద పట్టపగలు పది నిమిషాలు నిలబడితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది కాబట్టి తాతల నాటి నుంచీ మా నాలుగు వేలమంది కాపురం ఈ బొగ్గుబాయి సొరంగాల్లోనే. వాటినే గ్యాలరీలంటాం. మగవాళ్ళు బొగ్గు తవ్వుతారు. ఆడవాళ్ళం తొట్లలో పాచి తిప్పుతాం. గంటకోసారి తెడ్డు వేస్తే పాచి గాలి ఇస్తుంది, వేయకపోతే అడుగున కుళ్ళి చస్తుంది. ఇంతే మా బతుకులో రహస్యం. పుస్తకంలో రాసే అంకె, నూటికి ఎన్ని పాళ్ళు ఊపిరి గాలి ఉందో చెప్పేది.

పొద్దున జాలీలు కడుగుతుంటే నా కూతురు జమున కొత్త రాజ్యాంగం ప్రతి తెచ్చింది. రాసింది నా తమ్ముడు భూమేశ్. తిరుగుబాటుకు ముందు కంపెనీ పోలీసులు వాడి కోసం వెతుకుతుంటే పదకొండు నెలలు ఈ తొట్ల వెనకే దాచాను. ఆ రాజ్యాంగంలో సగం నా తెడ్డు చప్పుడు వింటూ రాసిందే. మొదటి నాలుగు అధ్యాయాలు వాడు చదివి వినిపించినవే. అయిదోది మాత్రం కొత్తది. దాని పేరు 'ఊపిరి తల్లులు'.

జమున గట్టిగా చదివింది. స్త్రీ స్వభావరీత్యా ప్రాణదాత అట. ఆమె సభలో దిగి పక్షం పట్టరాదట. తల్లికి బిడ్డలందరూ సమానం కనుక తొట్టి పని ఆడవారికే శాశ్వతమట, వారికి దీపం అక్కరలేదట. దీపం అంటే సభలో మాట. వెలుగుతున్న దీపం చేతిలో ఉన్న మనిషే మాట్లాడాలి, దీపం లేని మాటను రాతగాడు రాయడు. చీకట్లో దొంగతనంగా మీటింగులు పెట్టుకున్న రోజుల్లో పుట్టిన ఆచారం ఇది. తిరుగుబాటులో మా తొట్లవాళ్ళకూ ఇరవై దీపాలు ఇచ్చారు. అందరూ ఆర్నెల్లు తవ్వాలి, ఆర్నెల్లు తిప్పాలి అని ఒప్పందం కూడా అయింది.

ఏరు దాటాక తెప్ప తగలేశారు. తగలేసిన చెయ్యి నా తమ్ముడిదే కావడం నాకు మింగుడు పడటం లేదు.

115వ రోజు
గాలి 20.3. ఏడో తొట్టికి సున్నపు తేట పోశాం.

భూమేశ్ వచ్చాడు. ఇప్పుడు వాడు సభ పెద్ద. అయినా వాడి అలవాటు వాడిదే, తొట్ల వెనక తన పాత మూలలో చాప మీద కూర్చుని చాయ్ అడిగాడు.

"చదివినవా అక్కా?"

"చదివిన తమ్మీ. దేవతను చేసినవ్. దేవతకు నోరుండదు గదా, మంచిగ కుదిరింది."

"గట్లనకు. నిన్ను జూసే రాసిన. నీ వాటా బువ్వ నాకు పెట్టి నువ్వు గంజి తాగినవ్. ఎవలు నేర్పిండ్రు నీకు? ఆడదాని గుణమే అది."

"గుణం గాదు, నువ్వు నా తమ్మునివి. కంపెనీ పోలీసోడైతే పెడుదునా? తొట్టి తిప్పుడు గూడ గుణమేనని రాసినవ్. మేనత్త నాకు మూడు నెలలు నేర్పింది, తెడ్డు కామతోని వీపు వాయగొట్టుకుంట. గుణమే అయితే గన్ని దెబ్బలెందుకు తింటిని?"

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అసలు మాట బయటపెట్టాడు.

"తిరుగుబాటు దినం కంపెనీ దొరలుండే గ్యాలరీకి గాలి ఎవలు బందు చేసిండ్రక్కా?"

"మేమే. మీరే చెయ్యమంటిరి. చేసినంక భుజాల మీద ఎత్తుకొని తిప్పితిరి."

"ఔ. గా దినం నుంచే నాకు నిద్ర పడ్తలేదు. రేపు సభ మీకు నచ్చని తీర్పు ఇస్తే? ఊపిరి పట్టుకున్న చేతికే దీపం గూడ ఇస్తే ఇగ ఆ చేతికి అడ్డమెవరు? ఊపిరి రాజకీయానికి అవతల ఉండాలె."

"మరి కప్పు కింద గుంజలు నిలబెట్టేది ఎవలు? మగోళ్ళు. ఒక్క గుంజ గుంజిండ్రంటే మేమంత సమాధే. వాళ్ళకు దీపాలెట్లిస్తివి? వాళ్ళ చేతిల మా పానం ఉంటే అది నమ్మకం, మా చేతిల వాళ్ళ పానం ఉంటే అది భయమా?"

చాయ్ అయిపోయినా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. వాడికి ఆరేళ్ళప్పుడు కంపెనీ మా బాపును దొంగ అని పైకి పంపింది, ఒక్క మాట అడగకుండా. పైకి పంపితే తిరిగి రావడం ఉండదు. వాణ్ణి అప్పుడు ఇలాగే చాప మీద కూర్చోబెట్టి నిద్రపుచ్చాను. రాజ్యాంగంలో వాడి మూడో అంశం పుట్టింది అక్కడి నుంచే: ఎవరి మీద తప్పు మోపినా మొదట వారి చేతికి దీపం ఇవ్వాలి. ఆ వాక్యం చదివినప్పుడు అక్కాతమ్ముళ్ళం ఇద్దరం ఏడ్చాం. అదీ వీడే రాశాడు, ఇదీ వీడే రాశాడు. ఒక్క బుర్రలో రెండూ ఎలా పట్టాయో మరి.

119వ రోజు
గాలి 20.1.

అయిదో అధ్యాయానికి ముద్ర పడకముందే మా ఇరవై దీపాలూ వెనక్కి తీసుకుపోయారు. మర్యాదగానే, దండం పెట్టి మరీ తీసుకుపోయారు.

జమునకు పదిహేడు నిండాయి. ఈ నెలాఖరుకు దీపమో తెడ్డో రాయించుకోవాలి. దానికి తెడ్డు వద్దు. కప్పు తట్టడం కావాలి, అది దీపం ఉన్నవాళ్ళ పని. పొడుగు కట్టెతో గ్యాలరీ కప్పును తడితే గట్టి రాయి ఖంగుమంటుంది, పగిలింది డొల్లగా పలుకుతుంది. ఆ తేడా దానికి చెవిలోనే ఉంది. దాని నాయన కప్పు కూలి చచ్చాడు. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. కట్టె పట్టింది ఆ మర్నాడే.

నేర్పింది దుర్గయ్య. నాతో పక్క తొట్టి తిప్పే పోశక్క పెనిమిటి. జమున ఆయన్ను తాతా అని పిలుస్తుంది. ముప్పై ఏళ్ళు తవ్విన మనిషి, మెట్టుకో దగ్గు దగ్గుతూ నడుస్తాడు. బాయిలో ఆయనంత చెవి ఇంకొకరికి లేదు. ఇవాళ తొట్ల దగ్గరికి వచ్చి జమున నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"నా దీపం ఎనభై ఎనిమిది. నా తర్వాత ఇది నీదే బిడ్డా. సభల నిలబడి చెప్త. అవసరం పడితే గొంతు చించుకొని ఒర్రుత."

"ఒర్రుడు మొదలుపెడ్తే నడుమల దగ్గొస్తది," అంది పోశక్క. "నీ మాట సభ మొత్తం ఇనేసరికి నెల గడుస్తది."

ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. (తర్వాత అంచున రాసింది: ఆ దగ్గును ఆ పూట నేను కూడా విన్నాను. అది గుర్తు పెట్టుకోవడానికే ఇక్కడ రాస్తున్నాను.)

124వ రోజు
గాలి 20.2. ఏడో తొట్టి తేరుకుంది.

జమునకు దీపం ఇవ్వాలని దుర్గయ్య సభలో మాట్లాడాడు. రాతగాడు రాశాడు. ఓట్లు పడ్డాయి. ఆయన వైపు పదకొండు, అటువైపు మూడువందల ఇరవై తొమ్మిది. ఎల్లుండి రెండో షిఫ్టులో అయిదో అధ్యాయానికి ముద్ర వేస్తారు. ముద్ర పడితే జమునకు చచ్చేదాకా తెడ్డే, దాని కూతురికీ తెడ్డే.

ఇంటికి వచ్చి జమున కట్టెను మూలన పెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

గాలి పుస్తకంలో పాత పేజీలు తిప్పాను. దొరల గాలి బందు చేసిన రోజు అంకెలు నా చేత్తో రాసినవే ఉన్నాయి. మొదట 20.4. మూడు గంటల నలభై నిమిషాలకు 16.0, దీపాలు ఆరాయి. 15.6 దగ్గర దొరలు తలుపు కొట్టి లొంగిపోయారు. ఒక్క ప్రాణం పోలేదు. పిల్లలకు తల తిరిగింది, పెద్దవాళ్ళకు వాంతులయ్యాయి, అంతే. చిన్నప్పటి నుంచీ మాకు నేర్పిన లెక్క కూడా అదే: పదహారు దగ్గర దీపం ఆరుతుంది, మనిషి ఆరడు.

ఇప్పుడు సభ జరిగేది ఆ దొరల గ్యాలరీలోనే. పైపు అదే, వాల్వు అదే.

ఎవరికీ చెప్పలేదు. పోశక్కకు అసలే చెప్పలేదు. చెబితే దుర్గయ్యకు చేరుతుందని భయం.

126వ రోజు
తొట్ల గ్యాలరీలో గాలి 20.2. సభ గ్యాలరీలో కింద రాశాను.

రెండో షిఫ్టు మొదలవగానే సభ తలుపులు మూశారు. నేను వాల్వు మూశాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాయాలని ఉంది కానీ అబద్ధం.

గంటకోసారి నా తొట్టి తిప్పుకుంటూ, మధ్యమధ్య పైపు దగ్గరికి వెళ్ళి మీటరు చూశాను. 19.1. 18.0. 17.2. పైపులోంచి వాళ్ళ మాటలు వినబడుతున్నాయి. స్వభావం గురించి ఒకడు, తల్లి ప్రేమ గురించి ఒకడు. అక్కడ కూర్చున్న వాళ్ళలో సగంమంది పిల్లల ముక్కు తుడవడం ఎరగరు.

మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలకు 16.0. మాట్లాడుతున్నవాడు మధ్యలో ఆగిపోయాడు. దీపాలు ఒకదాని వెనక ఒకటి ఆరిపోయి ఉంటాయి. వాళ్ళ ఆచారం ప్రకారం ఇక ఎవరికీ మాట లేదు. ఆ క్షణం కోసమే ఇదంతా. పైపులో నోరు పెట్టి అరిచాను:

"ఇప్పుడు ఎవలకూ దీపం లేదు. అందరం ఒక్కటే. ఇప్పుడు మాట్లాడుకుందాం."

చీకట్లో ఎవడో నవ్వాడు. ఆ తర్వాత దగ్గులు. ఒకటి కాదు, నలభై యాభై దగ్గులు కలిసి. దొరల రోజున ఈ చప్పుడు లేదు. అప్పుడు నాకు తట్టింది. నా లెక్క దొరల ఊపిరితిత్తులతో వేసింది. బొగ్గు దుమ్ము ఎరగని ఊపిరితిత్తులు అవి. లోపల కూర్చున్నవి ముప్పై ఏళ్ళు దుమ్ము మింగినవి.

15.8 దగ్గర వాల్వు తెరిచాను. తెరవడానికి అరనిమిషం పట్టింది.

తలుపులు తీశారు. ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి వచ్చారు, వాంతులు చేసుకున్నారు, తిట్టారు. భూమేశ్ గోడ పట్టుకుని వచ్చాడు. దుర్గయ్యను నలుగురు మోసుకొచ్చారు.

తలుపు పక్కనే కూర్చున్నాడట. దగ్గు చూసి పక్కవాళ్ళు బయటికి పొమ్మంటే, ముద్ర వేసేముందు ఇంకోసారి మాట్లాడాలని ఆగాడట.

127వ రోజు
గాలి 20.0. పోశక్క తొట్టి కూడా నేనే తిప్పాను.

ఆమె ముందుకు వెళ్ళే ధైర్యం లేకపోయింది. జమున వెళ్ళింది. తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"వాల్వు నువ్వే మూసినవా?"

"ఔ బిడ్డా."

"నా కోసమా?"

"నా కోసం గూడ."

జమున మూలనున్న కట్టెను చూసి, మొహం తిప్పుకుని పడుకుంది. దుర్గయ్యను నేను చంపాను. జమునకు దీపం ఇప్పిస్తానన్న ఒకే ఒక్క మనిషిని చంపాను. ఎన్ని రకాలుగా రాసినా వాక్యం మారడం లేదు.

తొట్ల గ్యాలరీ తలుపు దగ్గర కర్రతో కాపలావాణ్ణి పెట్టారు. తల్లి స్వభావానికి కాపలా ఎందుకో అయిదో అధ్యాయంలో ఎక్కడా లేదు.

128వ రోజు
గాలి 20.1.

భూమేశ్ వచ్చాడు. చాయ్ అడగలేదు.

"పుస్తకంల రాయక్కా. వాల్వు తుప్పు పట్టి బిగుసుకపోయిందని."

"తుప్పు పట్టలే. నేనే మూసిన."

"తెలుసు. నీ గొంతు పైపుల ఇన్నగదా. అందరు ఇన్నరు. అయినా నువ్వు తుప్పు అని రాస్తే సభ ఒప్పుకుంటది. మాట్లాడి వచ్చిన."

"ఎందుకు ఒప్పుకుంటరు?"

"ఊపిరి తల్లి సంపిందంటే ఆళ్ళకు గూడ బువ్వ సయించదు. రేపు పిల్లలను తొట్ల పక్కపొంటి ఎట్ల పండవెడ్తరు? తుప్పు అంటే అందరు నిద్రపోతరు."

"నాకు వద్దు ఆ నిద్ర. తప్పు మోపు నా మీద. మూడో అంశం నువ్వే రాసినవ్. తప్పు మోపినోళ్ళ చేతికి దీపం ఇయ్యాలె. గది పట్టుకొని నేను జవాబు చెప్త. దుర్గయ్యను ఎట్ల సంపిన్నో చెప్త, ఎందుకు మూసిన్నో చెప్త. తర్వాత పైకి పంపుండ్రి."

వాడు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. "బాపును పంపిండ్రు. నిన్ను గూడ నా చేతులతోని పంపాల్నా? నాతోని గాదక్కా."

వాడి తల నిమిరాను. అదీ స్వభావమే అంటాడు కాబోలు. కాదు, అది నలభై ఏళ్ళ అలవాటు, పైగా జాలి. తుప్పు అని మాత్రం రాయలేదు. 126వ రోజు పేజీ ఉన్నది ఉన్నట్టే ఉంచాను.

130వ రోజు
గాలి 20.1.

సభకు పిలిచారు. గాలి పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాను. తొట్లవాళ్ళందరినీ వెనక వరసలో నిలబెట్టారు. పోశక్క అక్కడే ఉంది, తలెత్తలేదు.

నా చేతికి దీపం ఇస్తారని చెయ్యి చాచాను. ఎవరూ ఇవ్వలేదు. భూమేశ్ తన దీపం ఎత్తి చదివాడు: "వాల్వు తుప్పు వల్ల దుర్గయ్య మరణించాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఊపిరి తల్లి కొంరవ్వ దుఃఖంతో మనసు చెదిరి తనను తాను నిందించుకుంటున్నది. సభ ఆమెను ఓదారుస్తున్నది."

"నేనే మూసిన!" అని అరిచాను. "లెక్క కట్టి మూసిన! పిచ్చి లేదు నాకు! పుస్తకం సూడుండ్రి!"

రాతగాడు కలం ఎత్తి నా ఖాళీ చేతుల వైపు చూశాడు. కలం దించేశాడు.

మూడువందలమంది లేచి నాకు దండం పెట్టారు. కొందరి కళ్ళలో నీళ్ళు. నా జన్మలో ఇంత అవమానం ఎరగను. కంపెనీవాడు లంజ అన్నప్పుడు కూడా నన్ను మనిషిగానే తిట్టాడు.

భూమేశ్ దిగి వచ్చి నా చంకలోంచి పుస్తకం తీసుకున్నాడు. 126వ రోజు పేజీ చించి మడిచి జేబులో పెట్టుకుని, పుస్తకం మళ్ళీ నాకే ఇచ్చాడు. "ఇంటికి పో అక్కా," అన్నాడు మెల్లగా. అయిదో అధ్యాయానికి ముద్ర పడింది.

131వ రోజు
గాలి 20.2. తొట్లు పదకొండు.

పైన 126వ రోజు కింద ఉన్నది ఇవాళ పొద్దున మళ్ళీ రాసి అంటించిన పేజీ. జ్ఞాపకం ఉన్నంతవరకు అక్షరం మార్చలేదు.

రాయడం అవుతుండగా పోశక్క వచ్చింది. అయిదు రోజుల తర్వాత ఆమె మొహం చూడటం ఇదే. చీర కొంగు కింద నుంచి దుర్గయ్య దీపం తీసింది. ఎనభై ఎనిమిది. సభకు తిరిగి ఇవ్వాల్సింది, ఇవ్వలేదు. వత్తి వెలిగించి నా చేతిలో పెట్టింది.

"తుప్పు అంటుండ్రు," అంది. "ముప్పై ఏండ్లు సంసారం జేసిన మనిషి తుప్పు తోని పోయిండట. ఎవలూ సంపలేదట. గిది పట్టుకొని చెప్పు కొంరవ్వా. ఎవలు మూసిండ్రు?"

దీపం వేడి గాజు అరచెయ్యి కాలుస్తోంది. "నేనే మూసిన పోశక్కా. దీపాలు ఆర్పుదామని మూసిన. దుమ్ము మింగినోళ్ళు తట్టుకోరని ఎరుక లేకపాయె. నిన్ను అడిగితే చెప్తుంటివి. అడగలే. దుర్గయ్యను నేనే సంపిన."

దీపం నా చేతిలోంచి తీసుకుని తను పట్టుకుంది. సభలో చేసినట్టే, మాట్లాడే ముందు మొహం దాకా ఎత్తింది.

"అయితే ఇను. నువ్వు సంపినవ్. నేను మన్నియ్య. చచ్చేదాక మన్నియ్య. తొట్టి పక్కపొంటి తిప్పుతా గని నీతోని మాట్లాడ. గిదే నా తీర్పు."

"మంచిది," అన్నాను. అయిదు రోజులుగా నా గుండె మీద కూర్చున్నది దిగలేదు, కానీ దానికి ఒక పేరు వచ్చింది. పోశక్క నాకు దండం పెట్టలేదు. ఈ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

తర్వాత ఆమె జమున దగ్గరికి వెళ్ళి దీపం దాని చేతిలో పెట్టింది. "మీ తాత ఇచ్చిన మాట. మాట్లాడు."

జమున దీపాన్ని మొహం దాకా ఎత్తింది.

"తాత పోయినప్పటి సంది మూడో గ్యాలరీ కప్పు ఎవలు తట్టలే," అంది. "అయిదు దినాలాయె. కింద రెండొందలమంది పండుకుంటుండ్రు."

దీపంతో అన్న మాట రాయాలి కనుక ముగ్గురి మాటలూ రాశాను. జమున మూలనున్న కట్టె తీసుకుని వెళ్ళింది. తలుపు దగ్గర కాపలావాడు "ఏయ్, యాడికి?" అన్నాడు. జమున ఏదో అంది. వాడు మళ్ళీ ఏదో అన్నాడు. వాడి పిల్లలు పడుకునేది మూడో గ్యాలరీలోనే. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

తెడ్డు వేసే వేళైంది. పోశక్క ఏడో తొట్టికి, నేను ఎనిమిదో తొట్టికి వెళ్ళాం. మాటల్లేవు. కాసేపటికి దూరం నుంచి కప్పు మీద కట్టె చప్పుడు వినబడింది. ఒకటి, రెండు, మూడు, ఖంగుమంటూ. నాలుగోది డొల్లగా పలికింది. పోశక్క తెడ్డు ఆపింది. నేనూ ఆపాను. వెంటనే జమున గొంతు గ్యాలరీ అంతా వినబడేలా అరిచింది, లేవండి, బయటికి రండి అని. కాళ్ళ చప్పుళ్ళు మొదలయ్యాయి.